మళ్లీ అదే రీఫ్‌కే వెళ్తున్నాను

స్కూబా డైవ్ అయిపోయి పడవ ఎక్కగానే అందరూ ఒకరినొకరు అడిగే మాట ఒకటే: "ఏం చూశావ్?" ఆ రోజు పడవలో ఒకరు మంటా రే అనే పెద్ద రెక్కల చేపని చూశామన్నారు. ఇద్దరు షార్కులు చూశారు. ఇంకొకరు తాబేలు వెనక ఈదుతూ తీసిన వీడియో అందరికీ చూపిస్తున్నారు. నా వంతు వచ్చింది. "ఒక చేప, ఒక రొయ్య" అన్నాను. "అంతేనా?" అన్నాడు నాతో వచ్చిన స్నేహితుడు, పాపం అన్నట్టు చూస్తూ. అంతే. కానీ అప్పటిదాకా నేను చేసిన డైవ్‌లలో అంత నిండుగా గడిచిన గంట ఇంకొకటి లేదు.

అది మాల్దీవుల్లోని ఒక చిన్న దీవి. 2015లో మొదటిసారి వెళ్లాను. అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు వలయం) ముఖద్వారం దగ్గర నీటి ఒరవడి బలంగా ఉండడంతో బాగా అనుభవం ఉన్నవాళ్లు అటు వెళ్లారు. నన్ను గైడ్ రీఫ్, అంటే పగడపు దిబ్బ, లోపలి వాలు మీదికి తీసుకెళ్లాడు. లోతు 12 మీటర్లు. పగడాలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆగాడు. వేలితో ఒక చిన్న బొరియ చూపించి, చేతులు కట్టుకుని, నీళ్లలో కదలకుండా అలాగే తేలుతూ ఉండిపోయాడు. నేనూ ఆగాను. మొదట ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. రెండు మూడు నిమిషాలకి బొరియ గుమ్మంలో వేలంత చేప ఒకటి తేలింది. గోబీ. ఇసుక రంగులోనే ఉంది కాబట్టి అది అప్పటిదాకా అక్కడే ఉన్నా నాకు తెలియలేదన్నమాట. ఇంకాసేపటికి దాని పక్కనుంచి ఒక రొయ్య బయటికి వచ్చింది. ముందు కాళ్లతో చేటలో ఎత్తినట్టు ఇసుకని, గులకరాళ్లని ఎత్తుకొచ్చి గుమ్మం బయట పోసింది. లోపలికి వెళ్లింది. మళ్లీ ఇంకో చేటెడు.

ఆ రొయ్యకి చూపు సరిగా ఆనదు. అందుకే బయటికి వచ్చిన ప్రతిసారీ తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీకి చూపు బాగుంది కానీ ఇల్లు తవ్వుకోవడం రాదు. రొయ్య ఇల్లు కడుతుంది, గోబీ కాపలా కాస్తుంది. పైనుంచి ఒక పెద్ద చేప నీడ పడింది. గోబీ తోక చిన్నగా వణికింది. అంతే, మీసం ద్వారా కబురు అందిపోయింది, రొయ్య లోపలికి పోయింది. నీడ ఇంకా దగ్గరికి వచ్చాక గోబీ కూడా తలకిందులుగా బొరియలోకి దూకింది. నేను నా ఊపిరి బుడగల చప్పుడు వింటూ ఎదురు చూశాను. కొంతసేపటికి గోబీ తల కనబడింది. తర్వాత మీసం. తర్వాత ఇసుక.

ఆ గంట తర్వాత డైవింగ్ గురించి నా ఆలోచన మారింది. అంతకుముందు డైవ్‌ల వివరాలు రాసుకునే నా లాగ్‌బుక్ నిండా ఊళ్ల పేర్లే. ప్రతి ట్రిప్‌కీ కొత్త దీవి, రోజుకో కొత్త డైవ్ సైట్, సైట్‌కో పెద్ద జీవి. ఆ పద్ధతి తప్పని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. డైవింగ్ నేర్చుకున్నవాళ్లు పది రీఫ్‌లు తిరగడం మాని, మనసుకి నచ్చిన ఒక్క రీఫ్‌ని ఎంచుకుని దానికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఇది ఎవరిష్టం వాళ్లది అని వదిలేసే విషయం కాదు. మనకి కలిగే ఆనందం సంగతి ఒకటి, రీఫ్ బాగోగులు ఇంకొకటి. రెండిటికీ ఇదే మంచి దారి అని నా వాదన.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. సుమారు ముప్పయ్యో డైవ్ అనుకుంటాను, వేరే దేశంలో. కెమెరా కొత్తగా కొన్నాను. ఒక రాతి సందులో లయన్ ఫిష్ ఉంటే ఫొటో కోసం ముందుకి వంగాను. కాళ్లు కిందికి జారాయి. జారకుండా ఒక్క కిక్ ఇచ్చాను. వెనక 'టిక్' మని చిన్న చప్పుడు. తిరిగి చూస్తే కొమ్మ పగడం ఒకటి, జానెడు పొడవున, విరిగి ఇసుకలో పడి ఉంది. విరిగిన చోట తెల్లగా, సుద్దముక్కలా. నన్ను ఎవరూ చూడలేదు. పైకి వచ్చాక ఎవరికీ చెప్పలేదు కూడా. చాలా ఏళ్లు ఆ తెలుపు కళ్ల ముందు మెదిలేది.

కొమ్మ పగడాలు పరిస్థితులు బాగుంటే ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గుండ్రంగా బండల్లా పెరిగేవైతే ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అంటే మనం పక్కనుంచి ఈదుకుంటూ పోయే మనిషెత్తు పగడపు బండ మన తాతముత్తాతలకంటే పెద్దది. పగడం రాయిలా కనిపిస్తుంది కానీ దాని పైపొర అంతా ప్రాణమే. పాలిప్‌లు అనే చిన్న చిన్న జీవులు వేలకొద్దీ పక్కపక్కన కూర్చుని, తమ అడుగున సున్నపురాయి పేర్చుకుంటూ పోతాయి. చేత్తో తడిమినా ఆ పలచటి చర్మం చిరుగుతుంది.

ఆ కొమ్మ విరిగింది కెమెరా వల్ల కాదు, నాకు తేలడం రాకపోవడం వల్ల. చాలామంది కొత్త డైవర్ల లాగే నేనూ అవసరానికి మించి బరువు కట్టుకునేవాణ్ణి. బరువు ఎక్కువైతే మునుగుతాం. మునగకుండా జాకెట్‌లో గాలి నింపుతాం. అప్పుడు ఛాతీ పైకి, కాళ్లు కిందికి అయి, ఈదుతున్నంతసేపూ కాళ్లకి తొడుక్కున్న ఫిన్స్ పగడాల మీద గీసుకుంటూ పోతాయి. సరైన బరువుతో ఉన్న డైవర్‌కి మాత్రం ఊపిరే చుక్కాని. నిండుగా పీలిస్తే ఒక జానెడు పైకి లేస్తాం, నెమ్మదిగా వదిలితే కిందికి దిగుతాం. పీల్చిన వెంటనే కాదు, ఒకటి రెండు సెకన్లు ఆగి. ఆ ఆలస్యం ఒంటికి అలవాటు కావడమే బాయన్సీ, అంటే నీళ్లలో నిలకడగా తేలే నేర్పు. అది పుస్తకం చదివితే రాదు. కొత్త చోటికి వెళ్తే కళ్లు అటూ ఇటూ పరిగెడతాయి, ఊపిరి మీద ధ్యాస ఉండదు. తెలిసిన చోట అయితే ఎక్కడ లోతు ఉందో, ఒరవడి ఎటునుంచి వస్తుందో ముందే తెలుసు. టెన్షన్ ఉండదు. నాకు కదలకుండా ఆగడం వచ్చింది ఆ బొరియ ముందే, నాలుగైదు సార్లు అక్కడికే వెళ్లాక.

కరీబియన్‌లో బోనేర్ అనే దీవి ఉంది. అక్కడి సముద్రాన్ని 1979లోనే మెరైన్ పార్క్ చేశారు. మీరు వెయ్యి డైవ్‌లు చేసినవారైనా సరే, అక్కడ ముందు ఒక పరిచయ డైవ్ చేసి మీకు తేలడం వచ్చని చూపించాల్సిందే. చేతికి గ్లవ్స్ వేసుకోనివ్వరు. గ్లవ్స్ ఉంటే మనిషికి దేన్నైనా పట్టుకోవచ్చనే ధైర్యం వస్తుంది కాబట్టి. లంగరు వేయనివ్వరు, పడవలన్నీ నీళ్లమీద తేలేలా ముందే అమర్చిన బోయలకి కట్టుకోవాలి. ఇలాంటి నిబంధనలు ప్రతి దీవిలోనూ ఉండాలి. కరీబియన్‌లోనే ఇంకో దీవి సెయింట్ లూసియాలో డైవర్ల వెనకే ఈదుతూ వాళ్లు పగడాలకి ఎన్నిసార్లు తగులుతున్నారో లెక్కపెట్టిన పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. పడవ మీద ఒక ముక్కలో 'పగడాలు తాకకండి' అని చెప్పి వదిలేస్తే ఏమీ మార్పు లేదు. నీళ్లలో గైడ్ కలగజేసుకుని సైగ చేసినప్పుడే తగలడం బాగా తగ్గింది. కెమెరా ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే ఎక్కువగా తగిలారు. కాబట్టి నాది ఒకటే సలహా. ఒకే చోట, ఏ ఆధారం లేకుండా, ఐదు నిమిషాలు కదలకుండా తేలగలిగేదాకా కెమెరా గదిలోనే ఉంచండి. గైడ్ సైగ చేస్తే నొచ్చుకోకండి.

పెద్ద జీవుల్ని చూడాలన్న కోరికని నేను తక్కువ చేయడం లేదు. నా తలకి ఐదడుగుల ఎత్తులోంచి మంటా రే వెళ్లినప్పుడు ఒళ్లు జల్లుమన్న మాట నిజం. కానీ అదొక్కటే వేటగా పెట్టుకున్నవాళ్లు మంటా ఎందుకు వచ్చిందో చూడరు. అది ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికి వచ్చింది. రీఫ్ మీద కొన్ని బండలు మంగలి దుకాణాల్లాంటివి. అక్కడ క్లీనర్ రాస్ అనే వేలెడంత నీలి చేప ఉంటుంది. పెద్ద చేపలు వచ్చి నోరు తెరిచి, మొప్పలు విప్పి, వంతు కోసం ఆగుతాయి. ఇది వాటి పళ్ల మధ్యలోకి దూరి పరాన్నజీవుల్ని ఏరుకు తింటుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో లిజార్డ్ ఐలండ్ దగ్గర లెక్కపెడితే ఒక్కో క్లీనర్ రోజుకి 2,000కు పైగా చేపల ఒళ్లు చూస్తోందని తేలింది. అక్కడే కొన్ని చిన్న రీఫ్‌ల నుంచి ఈ చేపని ఎనిమిదేళ్లకు పైగా తీసేస్తూ వచ్చారు. ఆ రీఫ్‌లలో మిగతా చేపల సంఖ్యా తగ్గింది, రకాలూ తగ్గాయి. వేలెడంత చేప మీద అంత ఆధారపడి ఉంది.

ఈ దుకాణం ముందు ఒక డైవ్ అంతా గడిపితే కనిపించేవి వేరు. గ్రూపర్ అనే పెద్ద చేప ఒకటి నోరు చటుక్కున సగం మూస్తుంది. 'ఇక చాలు, బయటికి రా' అని. క్లీనర్ బయటికి వచ్చేస్తుంది. అప్పుడప్పుడూ ఈ క్లీనర్ పరాన్నజీవికి బదులు చేప ఒంటి జిగురు కొరుకుతుంది, ఆ చేప ఉలిక్కిపడి దూరం జరుగుతుంది. అచ్చం క్లీనర్ లాగే కనిపించే ఇంకో చేప, ఒక బ్లెన్నీ, దగ్గరికి వచ్చి రెక్క ముక్క కొరికి పారిపోతుంది. ఇవన్నీ నేను అదే బండ దగ్గర చూసినవి. ఒక్కసారికి కాదు, నాలుగు ట్రిప్‌లలో. ఈదుకుంటూ పోయేవాళ్లకి అక్కడ 'కొన్ని చేపలు' ఉంటాయి, అంతే.

మీరు రాత్రి డైవ్ చేసి ఉంటే పారట్ ఫిష్ పడుకోవడం చూసే ఉంటారు. నోటినుంచి జిగురు వదిలి ఒంటి చుట్టూ పారదర్శకమైన తిత్తి అల్లుకుని, రాతి సందులో నిద్రపోతుంది. పగలు పరాన్నజీవుల్ని ఏరడానికి క్లీనర్ ఉంటుంది, రాత్రి ఉండదు. ఈ తిత్తి వాటికి దోమతెర. పగలు చూసిన చేపనే రాత్రి దాని మంచం దగ్గర చూడాలంటే ఆ సందు మీకు తెలిసి ఉండాలి కదా!

ఇప్పుడు ఎదుటివాళ్ల వాదనలోకి వస్తాను. నాకు ఎక్కువసార్లు ఎదురైనది ఇది: "రీఫ్‌లు ఎలాగూ చచ్చిపోతున్నాయి. పోకముందే వీలైనన్ని చూసేయాలి." ఈ మాట అనేవాళ్లది కూడా ప్రేమే, ఒప్పుకుంటాను. వాళ్ల భయంలో అబద్ధం లేదు. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలు పెరిగితే ఉష్ణమండల పగడాల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా పోతాయని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2018 నివేదికలో రాసింది. 1998, 2010, ఆపైన 2014 నుంచి 2017 వరకు ప్రపంచమంతటా పగడాలు తెల్లబడ్డాయి. నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

నేను దాన్ని కళ్లారా చూశాను. 2016 మేలో అదే దీవికి వెళ్లాను. నీళ్లలోకి దిగగానే తెలిసింది, చల్లదనమే లేదు. రీఫ్ అంచు మీదికి వచ్చేసరికి ఎవరో రాత్రికి రాత్రి సున్నం కొట్టినట్టు ఉంది. బల్లల్లా విచ్చుకునే పగడాలన్నీ తెలుపు. కొన్ని కొమ్మలు మాత్రం వెలిగే నీలంగా, ఊదాగా, పసుపుగా ఉన్నాయి. అందంగా ఉన్నాయి, అదే భరించలేకపోయాను. పగడం ఒంట్లో ఉండే ఆల్గే (కంటికి కనబడనంత చిన్న నాచు) దానికి తిండి పెడుతుంది, రంగూ ఇస్తుంది. వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిచిపోతే ఆ పొత్తు చెడుతుంది, పగడం ఆల్గేని బయటికి తోసేస్తుంది. మనకి కనిపించే తెలుపు, పారదర్శకమైన చర్మం కింది ఎముక. ఆ దశలో అది ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. పువ్వులా కనిపించే సీ అనెమొనీ అనే జీవి ఒకటి కూడా పూర్తిగా తెల్లబడింది. దాని మధ్యలో రెండు క్లౌన్ ఫిష్‌లు, అదే నారింజ రంగుతో, ఏమీ జరగనట్టు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటికి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు.

ఆ ట్రిప్‌లో మాతో మొదటిసారి వచ్చినవాళ్లు ఉన్నారు. పడవ ఎక్కి, "ఇక్కడి తెల్ల పగడాలు భలే ఉన్నాయి" అన్నారు. వాళ్ల తప్పు కాదు. వాళ్లకి అంతకుముందు ఆ రీఫ్ ఎలా ఉండేదో తెలియదు. చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో ఈ జబ్బుకి ఒక పేరు పెట్టాడు, షిఫ్టింగ్ బేస్‌లైన్ అని. ప్రతి తరమూ తాను మొదట చూసినదాన్నే మామూలు స్థితి అనుకుంటుంది, పోయినదాని లెక్క ఎవరి దగ్గరా ఉండదు. పోకముందు అన్నీ చూసేయాలని ఏడాదికో సముద్రానికి పరిగెత్తే డైవర్ ప్రతిచోటా ఇదే స్థితిలో ఉంటాడు. అన్ని రీఫ్‌లూ ఒక్కోసారి చూస్తాడు. ఏ ఒక్కటీ మారడం చూడడు. చచ్చిపోతోందని మనం భయపడేదాన్ని చూసి రావాలంటే, దాని దగ్గరికి తిరిగి వెళ్లేవాళ్లు కావాలి.

తిరిగి వెళ్లేవాళ్ల కళ్లు పనికొస్తాయి కూడా. మంటా రే పొట్ట మీది మచ్చలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. మాల్దీవుల్లో డైవర్లు తీసిన ఫొటోలతో వేల మంటాలని ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు. వేల్ షార్క్ చుక్కల్ని పోల్చడానికైతే ఖగోళ శాస్త్రంలో నక్షత్రాల అమరికని పోల్చే పద్ధతినే వాడుకున్నారు. ఒకే చోట ఏళ్ల తరబడి తీసిన మామూలు ఫొటోలు పది దేశాల్లో తీసిన గొప్ప ఫొటోలకంటే విలువైనవి.

అందరూ ఇలా ఒకే రీఫ్‌ని పట్టుకుంటే అక్కడ రద్దీ పెరగదా అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఏ చోటైనా మోయగలిగినంతే మోస్తుంది. థాయ్‌లాండ్‌లోని మాయా బే 2018లో మూసేసి, 2022 జనవరిలో తెరిచారు. పడవలు లోపలికి రాకపోయేసరికి బ్లాక్‌టిప్ షార్క్ పిల్లలు ఒడ్డు దాకా తిరిగొచ్చాయి. మాల్దీవుల్లోనే హనిఫారు బేలో మంటాలు గుంపుగా మేతకి వస్తాయి కాబట్టి ట్యాంక్‌తో మునిగే స్కూబానే నిషేధించారు, గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే ఈదే స్నార్కెల్ ఒక్కటే. మంచి నిర్ణయం. డైవర్‌ని అయినా నాకు ఆ నిషేధం మీద ఫిర్యాదు లేదు. నేను 'ఒకే రీఫ్' అన్నది అందరూ ఒకే చోటికి పొమ్మని కాదు, ఎవరి రీఫ్ వాళ్లకి ఉండాలని. పేరు మోసిన సైటే కానక్కర్లేదు. నా రీఫ్ పేరు ఏ జాబితాలోనూ లేదు.

విమానాల సంగతీ ఉంది. సముద్రం వేడెక్కడంలో నా ప్రయాణాల వాటా నాకు తెలుసు. అందుకే ఏడాదికి రెండు చిన్న ట్రిప్‌లు మాని, రెండు మూడేళ్లకి ఒకసారి ఎక్కువ రోజులు ఉండేలా వెళ్తున్నాను. ఇది పూర్తి జవాబు కాదు, నిజమే.

2018లో వెళ్లినప్పుడు బల్ల పగడాలు గోధుమరంగు పాచి పట్టి విరిగిపోతూ ఉన్నాయి. బండ పగడాలు చాలావరకు బతికాయి, వాటికి ఓర్పు ఎక్కువ. ఆ ట్రిప్ అంతా నాకు దిగులే. గైడ్ మాత్రం పారట్ ఫిష్‌ల గుంపుని చూపించి బొటనవేలు, చూపుడువేలు కలిపి 'ఓకే' సైగ చేశాడు. అర్థం కాలేదు. పైకి వచ్చాక చెప్పాడు. చచ్చిన పగడం మీద పాచి పెరిగితే పగడపు పిల్ల అక్కడ అంటుకోలేదు. పారట్ ఫిష్ ఆ పాచిని రాతితో సహా కొరికి తింటుంది, రాతిని ఇసుకగా వదులుతుంది. పెద్దదైతే ఏడాదికి వందల కిలోల ఇసుక. అది గీకిన నేల శుభ్రమైన నేల. ఆ చేపలు ఉన్నంతకాలం ఈ రీఫ్‌కి విత్తనం వేయడానికి చోటుందని అతని ఉద్దేశం.

2022లో వెళ్లాను. గోబీ బొరియ ఉన్నచోటికే మొదట దిగాను. పాత బొరియ లేదు. రెండడుగుల దూరంలో ఇంకొకటి ఉంది, అందులో ఒక గోబీ, ఒక రొయ్య. అవి నేను చూసినవి కావు, బహుశా వాటి తర్వాతి వాళ్లు. అక్కడినుంచి పైకి, 6 మీటర్ల దగ్గరికి వచ్చాను. 2016లో తెల్లబడి చచ్చిపోయిన ఒక పెద్ద బల్ల పగడం తిరగబడి పడి ఉంది. గులాబీరంగు పొర పట్టిన దాని అంచు మీద పారట్ ఫిష్ పళ్ల గీతలు. ఆ గీతల పక్కన పగడపు పిల్లలు. ఒకటి నా బొటనవేలి గోరంత. ఇంకొకటి అరచేయంత, అప్పుడే అంచులు పైకి తిప్పుకుంటూ. మొత్తం పదకొండు లెక్కపెట్టాను. తాకకుండా, చేతిని పక్కనే నీళ్లలో ఉంచి కొలత చూసుకున్నాను. ట్యాంక్‌లో గాలి తగ్గి 70 బార్‌ల ఒత్తిడికి వచ్చింది. గైడ్ పైకి పోదామన్నాడు. ఇంకో నిమిషం అని వేలు చూపించాను.

2024లో మళ్లీ నీళ్లు వేడెక్కాయి. ఆ పదకొండులో ఎన్ని మిగిలాయో నాకింకా తెలియదు. వచ్చే ట్రిప్ అక్కడికే. లాగ్‌బుక్‌లో ఆ బల్ల పగడం బొమ్మ గీసుకుని, పదకొండు చుక్కలూ పెట్టుకున్నాను.